సైకిల్‌కు చలానా ఉండదు కదా

మా ఆయన బతికే ఉన్నాడు. ఆ ముక్క ముందే చెప్పేస్తే మీరు నిమ్మళంగా చదువుకోవచ్చు. ఇప్పుడు కూడా పక్క గదిలో టీవీ చూస్తున్నాడు. సౌండు కాస్త ఎక్కువే పెట్టాడు. తగ్గించమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఒకప్పుడు మా ఇంట్లో ధైర్యమంతా నాదే, నోరంతా నాదే. ఇది రాయడం సగం నా గుండె కుదుటపడటానికి, సగం మీ ఇంట్లో కూడా సైకిల్ ఉంటే ఒక మాట చెప్పడానికి.

మాది ఇబ్రహీంపట్నం. ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నా పేరు సుజాత, మా ఆయన యాదయ్య. ఆయనకు మోటార్లు చుట్టే దుకాణం ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటారు కాలిపోతే రైతులు మోసుకొచ్చేది ఆయన దగ్గరికే. పొలం ఎండిపోతోందన్న కడుపుమంటలో ఉన్న మనిషి ఎన్ని మాటలైనా అంటాడు. ఈయన మాత్రం తల వంచుకుని రాగితీగ చుట్టుకుంటూ, "అయితది తియ్ అన్నా, పొద్దుమూకేసరికి ఇస్త" అనేవాడు. నా మీద గొంతు పెంచిన రోజు నాకు గుర్తులేదు. నేను కోపంలో గిన్నె విసిరితే, "ఇంకోటి గూడ ఉన్నది, అది గూడ కొట్టు" అని నవ్వేవాడు. ఆ నవ్వుకు నాకు ఇంకా ఒళ్లు మండేది. మా అమ్మ బతికున్నప్పుడు అనేది, "నీ నోటికి గిసొంటోడే కావాలె. ఇంకోడైతే ఎప్పుడో తోలేస్తుండె" అని.

ఏప్రిల్, యాసంగి కోతలు

ఆయనకు షుగర్ వచ్చింది. ఒళ్లు కదలాలి అన్నాడు డాక్టరు. నడిస్తే మోకాళ్లు నొప్పులంటాడు కాబట్టి మా అమ్మాయి శిరీష సైకిల్ తీశాడు. శిరీష ఎనిమిదో తరగతి. పొద్దున్నే తండ్రి ఒక చుట్టు తిరిగొచ్చాక అదే సైకిల్ మీద ఆ పిల్ల బడికి పోయేది. సీటు ఒకరు పైకి లేపడం, ఇంకొకరు కిందికి దించడం, రోజూ ఇదే గొడవ.

హెల్మెట్ మా ఇంట్లో లేక కాదు. మోటర్‌సైకిల్‌కు కొన్న నల్లటిది, గట్టిది ఉంది. కానీ మా దిక్కు హెల్మెట్ తలను బట్టి పెట్టుకోరు, రోడ్డును బట్టి పెట్టుకుంటారు. సాగర్ రోడ్డెక్కి సిటీ దిక్కు పోతుంటే తల మీదికొస్తుంది. పోలీసులు నిలబడే చోటు దాటగానే అద్దానికి వేలాడుతుంది. ఊళ్లోకొచ్చేసరికి ట్యాంకు మీద కూర్చుంటుంది. ఒక రోజు శిరీష, "బాపూ, హెల్మెట్ పెట్టుకోవా?" అని అడిగితే, "సైకిల్‌కు చలానా ఉండదు గద బిడ్డా" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

అవి కోతల రోజులు. మా దగ్గర వడ్లు ఆరబోసేది రోడ్డు మీదే. సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. బండ్లు వడ్ల మీదికి ఎక్కకుండా అంచున వరసగా రాళ్లు పెడతారు, రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పుతారు. ఎవరి వడ్ల దగ్గర వాళ్లు మంచం వేసుకుని పడుకుంటారు. ఇది తప్పని ఎవరూ అనుకోరు, కళ్లాలు లేనోళ్లు ఎక్కడ పోసుకోవాలి మరి. ఆ పొద్దున ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. గాలికి టార్పాలిన్ అంచు కొట్టుకుని ఒక రాయి మీద కప్పుకుంది. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, దాని కింద రాయి. ఆయన సైకిల్ ముందు చక్రం దాన్నే ఎక్కింది. 

ఆ వడ్లు మా బావ జంగయ్యవి. మా ఆయన సొంత అన్న. పడిన చప్పుడుకు మంచం మీద నుంచి లేచి ఉరికొచ్చింది కూడా ఆయనే.

బండి మీద ఇంటికి తీసుకొచ్చాడు. మా ఆయన తన కాళ్ల మీద తనే నడిచి లోపలికొచ్చాడు. "ఏం కాలే సుజాతా, జర జారిన" అన్నాడు. చెవి వెనకాల కోడిగుడ్డంత బొడిపె. చర్మం చిట్లలేదు, ఒక్క చుక్క రక్తం లేదు. రక్తం లేదంటే మాకు దేవుడు చూసినట్టే. జంగయ్య బావ తువ్వాల ఉండచేసి, నోటి ఆవిరి పట్టి కాపడం పెట్టాడు. నేను రూపాయి బిళ్ల పెట్టి అదిమాను. చూడ్డానికొచ్చిన వాళ్లంతా ఒకటే మాట, "బొడిపె పైకి లేసింది, ఇగ లోపట ఏం లేనట్టే" అని. చాయ్ తాగాడు, ఉప్మా తిన్నాడు, నిద్రొస్తోందన్నాడు. పండనియ్, నిద్రపోతే తగ్గుతది అన్నారు. నేను తలుపు దగ్గరికేసి, చప్పుడు చేయకుండా బడికి పోయాను.

మధ్యాహ్నం వచ్చి అన్నానికి లేపితే లేవలేదు. గట్టిగా కుదిపితే కళ్లు తెరిచి ఏదో అన్నాడు, మాట ముద్దముద్దగా వచ్చింది. తర్వాత వాంతి చేసుకున్నాడు.

ఇది చదివేవాళ్లు ఇక్కడ జర ఆగండి. రక్తం రాలేదంటే బాగున్నట్టు కాదు. బొడిపె పైకొచ్చిందంటే లోపల ఏమీ లేదని కాదు. తలకు దెబ్బ తగిలిన మనిషికి మత్తు కమ్మినా, వాంతయినా, మాట తేడా కొట్టినా, కాపడాలు పెడుతూ కూర్చోకండి. పెద్ద దవాఖానకు తీసుకుపోండి.

ఏప్రిల్ నుంచి మే దాకా, దవాఖాన

సిటీలో పెద్ద దవాఖాన. లోపల రక్తం గడ్డకట్టిందన్నారు, తల తెరవాలన్నారు. ఒక పిల్ల డాక్టరు రాసుకుంటూ, "బండి మీద నుంచి పడ్డాడా?" అని అడిగింది.

"సైకిల్ మేడం" అన్నాను.

"హెల్మెట్?"

"సైకిల్ మేడం" అని మళ్లీ అన్నాను. ఆ జవాబు సరిపోతుందనుకున్నాను.

ఆమె రాయడం ఆపి నా వైపు చూసింది. కోప్పడలేదు. "ఉంటే ఏం కాకపోతుండె అని నేను చెప్పలేనమ్మా. దెబ్బ మాత్రం తగ్గేది" అంది. ఆ మాట మీద నేను ఎన్ని గంటలు కూర్చున్నానో నాకే తెలియదు. ఎంత తగ్గేది? బొడిపె వరకేనా? ఒక వారం మంచంలో పడి లేచేవాడా? అడగడానికి మళ్లీ ఆమె కనపడలేదు.

ఐసీయూ బయట హాలులో కింద పడుకోవాలి. కుర్చీలు కొన్నే, మనుషులు చాలా మంది. గోడ వారన ఒక చాప మీద కూర్చున్నావిడ జరిగి చోటిచ్చింది. పేరు రహీమా, జల్‌పల్లి నుంచి వచ్చింది. వాళ్లాయన కట్టే ఇంటి మీద నుంచి పడ్డాడు. ఆమె ఫ్లాస్కులో చాయ్ తెచ్చుకునేది, మూతలో నాకు పోసి తను ఫ్లాస్కుతోనే తాగేది. "ఫికర్ చెయ్యకు అక్కా. ఏడిస్తే గీ సెక్యూరిటోడు బయటికి పొమ్మంటడు. జర ఆపుకో" అనేది. తను మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. లోపలి నుంచి పేరు పిలిస్తే ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం. పేరు ఎవరిదైనా సరే.

జంగయ్య బావ హాలులోకి వచ్చేవాడు కాదు. మెట్ల మీద కూర్చునేవాడు. అన్నం తెచ్చి నాకిచ్చి, తను తినేవాడు కాదు. ఒక రోజు నేనే కసిరాను, "తినకపోతే ఆయన లేస్తడా బావా? నువ్వు గూడ పడితే ఇద్దరిని నేనెట్ల మొయ్యాలె?"

"రాళ్లు నేనే పెట్టిన బిడ్డా" అన్నాడు.

"అందరు పెడ్తరు."

"అందరి తమ్ముడు పడలే గద" అన్నాడు. అన్నం గిన్నె ఆయన పక్కన పెట్టేసి లోపలికి వచ్చాను.

ఒక పొద్దున రహీమా వాళ్లాయన పోయాడు. ఆమె అక్కడ అరవలేదు, కూలబడలేదు. చుట్టాలు కాగితాల కోసం తిరుగుతుంటే సామాన్లు సంచిలో సర్దుకుంది. చాప మాత్రం చుట్టలేదు. "నువ్వు ఉంచుకో అక్కా, మీ ఆయన లేస్తడు. నాకింక గిక్కడేం పని" అంది. ఆమె వెళ్తుంటే లిఫ్టు దగ్గరికి కూడా నేను పోలేదు, నా పేరు పిలుస్తారేమోనన్న భయం. ఆ తర్వాత ఆమెను చూడలేదు.

మా ఆయన లేచాడు. నీళ్లడిగాడు. నన్ను గుర్తుపట్టాడు, శిరీష ఏదని అడిగాడు. ఆ రోజు నేను హాలులో ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ చెప్పాను. ఇంటికి పంపే ముందు పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "తీరు మారొచ్చమ్మా. కోపం రావచ్చు. ఓపిక పట్టాలె" అన్నాడు. కోపమే కదా, మా ఇంట్లో కోపానికి కరువా అనుకున్నాను. ప్రాణం దక్కిన సంబరంలో ఆ మాట నా చెవికెక్కలేదు.

జూన్, బడులు తెరిచాక

మొదట అన్నం పళ్లెం. పప్పులో ఉప్పు ఎక్కువైందని గోడకేసి కొట్టాడు. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. నేను అలవాటు ప్రకారం నోరు తెరిచాను. ఆయన లేచి నిలబడ్డ తీరు చూసి మూసుకున్నాను. ఆ కళ్లలో నాకు తెలిసిన మనిషి లేడు. ఇంతా చేసి, కాసేపయ్యాక, "అన్నం పెట్టవా?" అని మామూలుగా అడిగాడు.

ఫ్యాను చప్పుడు పడదు. కుక్కర్ ఈల పడదు. బస్సు హారన్ వినపడితే చెవులు మూసుకుని బూతులు తిడతాడు. మా ఆయన నోటెంట బూతు నేను అప్పటిదాకా వినలేదు. దుకాణానికి పోయి కూర్చున్నాడు. తీగ ఎన్ని చుట్లు చుట్టాడో మరిచిపోతాడు, మళ్లీ మొదటికి వస్తాడు, ఆఖరికి తీగంతా చించి రోడ్డు మీద పడేస్తాడు. రైతులు కొన్నాళ్లు చూసి వేరే దుకాణానికి పోయారు. వాళ్లను ఏమంటాం, నీళ్లు లేక వాళ్ల నారు ఎండుతోంది.

గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాను. చదువు చెప్పేదానివి నీకేం మాయరోగం అని మీరనొచ్చు. ఆ రోజుల్లో ఎవరు ఏది కట్టుకోమన్నా కట్టించేదాన్ని.

శిరీషకు హెల్మెట్ కొన్నాను. సైకిళ్ల దుకాణం ఆయన, "పాప ఏ పోటీకి పోతున్నది అక్కా?" అని అడిగాడు. బడికి అంటే నమ్మలేదు. ఇంటికి తెస్తే ఇంకో తంటా. బడిలో ఆడపిల్లలు రెండు జడలు వేసి, మడిచి, చెవుల మీదికి రిబ్బన్లు కట్టుకోవాలి. ఆ మడతల మీద హెల్మెట్ కూర్చోదు. జడలు కిందికి కట్టుకుపోతే ప్రేయర్‌లో నిలబెట్టారు. నేను వాళ్ల బడికి పోయి హెడ్‌మాస్టర్‌తో కొట్లాడాను. నా నోరు పనికొచ్చింది ఆ ఒక్క చోటే. జడలు వదిలేశారు గానీ పిల్లలు వదల్లేదు. "ఏ టీంల ఆడుతున్నవ్ శిరీషా, బ్యాటింగా బౌలింగా" అని వెంటపడ్డారు. 

ఒక సాయంత్రం ఏడుస్తూ వచ్చి హెల్మెట్ మంచం మీద విసిరేసింది. "నేను పెట్టుకోను. ఊళ్లె ఎవ్వరు పెట్టుకోరు" అంది. పాత రోజులైతే వాళ్ల బాపు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నవ్వించేవాడు. ఆ రోజు చప్పుడు చేస్తావా అని చెయ్యెత్తాడు. నేను మధ్యలోకి పోయాను, దెబ్బ నా భుజం మీద పడింది. శిరీష ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్ల జంగయ్య బావ ఇంట్లోనే పడుకుంది. సైకిల్ ముట్టుకోలేదు.

ఆ సంగతి విని జంగయ్య బావ వచ్చాడు. తమ్ముడి మంచం పక్కన కూర్చుని, "యాదీ, ఆడివిల్ల మీద చెయ్యెత్తొద్దురా" అన్నాడు మెల్లగా.

"నీ రాళ్ల మీదనే పడ్డ గదరా" అన్నాడు మా ఆయన. "నువ్వు నాకు చెప్తున్నవా?"

అన్నను రా అనడం మా ఇంట్లో లేదు. ఇన్నేళ్లలో అన్నా అని తప్ప పిలిచి ఎరగడు. ఆయన ముందు కుర్చీలో కూడా కూర్చునేవాడు కాదు. జంగయ్య బావ తువ్వాల దులుపుకుని లేచాడు. బావా, ఆ మాట ఆయనది కాదు, తలకు తగిలిన దెబ్బ ఆయనతో అట్లా అనిపిస్తోంది అని నేను వెనక పరుగెత్తాను.

"అననియ్ బిడ్డా" అన్నాడు. "అన్నది అబద్ధం కాదు గద."

బతుకమ్మ రోజులు

పండక్కి ఆడవాళ్లు బొట్టు పెట్టడానికి వచ్చినప్పుడల్లా అనేవాళ్లు, "అదృష్టవంతురాలివి సుజాతా, నీ పసుపు కుంకుమ నిలిచింది" అని. అవ్ అనేదాన్ని. ఏమనాలి మరి? మనిషి ఎదురుగా కూర్చుని బువ్వ తింటున్నాడు. ఆయన లేడని ఎవరికి చెప్పుకోను? నాకు రహీమా గుర్తొచ్చేది. ఆమెకు ఏడవడానికి ఒక రోజంటూ ఉంది, పక్కన కూర్చుని ఏడ్చే మనుషులున్నారు. ఇంత పాపపు ఆలోచన వస్తుందేమిటని నా చెంపలు నేనే వేసుకున్నాను. కానీ వచ్చింది, వచ్చిందని రాస్తున్నాను. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే మీకూ వస్తుంది. భయపడకండి.

నాకు కావాల్సింది ఒక్కటే, ఆ పాత మనిషి. చూపించుకోవడానికి పోయినప్పుడల్లా అదే అడిగేదాన్ని. పెద్ద డాక్టరు ఓపిగ్గానే చెప్పేవాడు, టైం పడుతుంది అని. ఈసారి మాత్రం ఆ మాట అనలేదు. మందులతో కోపం ఇంకాస్త తగ్గుతుందన్నాడు. "మళ్ల మునుపటి లెక్క అయితడా సార్?" అన్నాను. స్కాను మళ్లీ చూసి, "ఇప్పుడున్న మనిషితో ఎట్ల బతకాలో నేర్చుకోవాలమ్మా" అన్నాడు. వాపసు వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటూ నాకూ కొన్ని ఇచ్చాడు. నేను తిన్నాను.

ఇప్పుడు, చలి మొదలైంది

మందులు కొంత పనిచేశాయి. పళ్లాలు లేవడం లేదు. రోజులో ఎక్కువసేపు ఊరికే ఉంటాడు. శిరీష ఇంటికొచ్చి పడుకుంటోంది, తండ్రికి మాత్రం కాస్త దూరంగా మసలుతుంది.

జంగయ్య బావ ఈసారి వడ్లు రోడ్డు మీద పోయలేదు. గుట్ట పక్కన బండ మీదికి మోసుకుపోయాడు. పొలానికి ఆయనా సైకిల్ మీదే పోతాడు. ఒక రోజు వచ్చి, "యాది హెల్మెట్ ఇయ్యి" అని అడిగాడు. ఆ నల్లది, మోటర్‌సైకిల్‌ది. పంచె, బనీను, నెత్తిన ఆ గుండు, కింద డొక్కు సైకిల్. ఊరు ఊరంతా నవ్వింది. "జంగన్నా, హెలికాప్టర్ ఎక్కడ దిగుతది?" అని అడిగారు. చెమటలు కారుతుంటే తుడుచుకుంటాడు గానీ తియ్యడు. అలా రోజూ మా గల్లీ ముందు నుంచే పోయేవాడు. కొన్నాళ్లకు శిరీష ఏమనుకుందో, సైకిల్ దుమ్ము తుడిచి, తన హెల్మెట్ పెట్టుకుని పెదనాయిన వెనకాలే బడికి బయలుదేరింది. ఇప్పుడు ఇద్దరూ కలిసే పోతారు. ఊళ్లోవాళ్లు ఇద్దర్నీ చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. పెద్దవాళ్లకు వద్దు, పిల్లలకు చాలు అనేవాళ్లుంటారు. పిల్లలకు పెట్టి మీరు ఉత్త తలతో పోతే పిల్లలు ఎన్నాళ్లు పెట్టుకుంటారు? ప్రాణం పోతుందనే కాదు నేను చెప్పేది. ప్రాణం ఉండి మనిషి పోతాడు.

మొన్న ఒక సాయంత్రం మేమిద్దరం వాకిట్లో కూర్చుని అనపకాయలు వలుస్తున్నాం. ఆయన నిదానంగానే వలుస్తున్నాడు. ఉన్నట్టుండి, "సుజాతా, నేను ముంగట ఎట్లుంటుంటి?" అని అడిగాడు.

"ముంగటంటే?"

"దెబ్బ తగలకముందు. అందరు మారిండు మారిండు అంటున్నరు. నాకేమో ఎరుకైతలేదు. ఎట్లుంటుంటి?"

కాయలు పక్కన పెట్టి చెప్పాను. మామిడిపండు చెంపలు బిడ్డకు కోసిపెట్టి టెంక తను చీకేవాడని. మా అమ్మ చివరి రోజుల్లో ఆమె పాదాలకు నూనె రాసింది కొడుకులు కాదు, అల్లుడేనని. వానొస్తే కోళ్లను కూడా బతిమాలి లోపలికి పిలిచేవాడని. నాకు జ్వరమొస్తే వంట చేసి, ఉప్పెయ్యడం మరిచిపోయి, నేను తిడుతుంటే నా పక్కనే కూర్చుని నా కంచంలోనే తినేవాడని. చెబుతూనే ఉన్నాను. ఇన్ని నెలల్లో నా మాట ఇంతసేపు విన్నది అప్పుడే. కోప్పడలేదు, లేచిపోలేదు. తెలియని ఊరి ముచ్చట చెబుతుంటే విన్నట్టు కళ్లార్పకుండా విన్నాడు.

"గట్లనా" అన్నాడు. చేతిలో కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచోడే ఉండె పాపం."

"అవ్" అన్నాను. "మస్తు మంచోడు ఉండె."